వింటివేటు దూరం

తుపాకీకి దూరం చాలు. విల్లుకు దగ్గరితనం కావాలి. బాణం పట్టుకుని జింక వెనకాల కాలినడకన వెళ్లిన మనిషి అడవిని అక్షరం అక్షరం చదివాడు. వేట ఆగింది, మంచిదే. మరి ఆ చదువు ఏమైంది?

కడప జిల్లాలో పులివెందుల దాటి లింగాల మండలంలోకి అడుగుపెడితే చీనీ తోటలు, అరటి తోటలు పలకరిస్తాయి. పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, పొలాల్లో డ్రిప్పు పైపులు, రోడ్డు పక్కన కాయల లారీలు. ఈ నేల మీద ఒకప్పుడు మనిషి విల్లు పట్టుకుని మృగం వెంట నడిచాడంటే నమ్మబుద్ధి కాదు.

లింగాల అని ఫోన్‌లో వెతికితే ఇంకో ఊరు కూడా కనిపిస్తుంది. అది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల, నల్లమల అంచున ఉంటుంది. అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు, అంటే గూడేలు, ఆ మండలంలోవే. అక్కడి పెద్దవాళ్లకు విల్లు అంటే పురాణంలో మాట కాదు, తాతల చేతిలో చూసిన వస్తువు. ఒకే పేరున్న ఈ రెండు ఊళ్లలో ఒకదానికి వేట ఎప్పుడో మరిచిపోయిన సంగతి, రెండోదానికి నిన్నమొన్నటి బతుకు.

కడప లింగాల మరిచిపోయినా, దాని చుట్టుపక్కల బండలు మరిచిపోలేదు. ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర గుట్టల్లో రాతి గుండ్ల కింద ఆదిమానవులు గీసిన బొమ్మలు రెండు వందలకు పైనే ఉన్నాయి. ఎక్కువ భాగం ఎర్రటి జేగురు రంగువి, కొన్ని తెల్లవి. జింకలు, మూపురం ఉన్న ఎద్దులు, ఏనుగులు, నక్కలు, పక్షులు, మనుషులు వాటిలో కనిపిస్తారు. ఊరివాళ్లు బొమ్మలున్న బండను ఎద్దుల ఆవుల గుండు అంటారు. ఆ బొమ్మలు మధ్య శిలాయుగం నాటివని పరిశోధకుల అంచనా. నంద్యాల జిల్లా జ్వాలాపురం తవ్వకాల్లో దొరికిన గోరంతేసి రాతి పలుకులు ఇంకా పాతవి, దాదాపు 35 వేల ఏళ్లవి. అలాంటి పలుకుల్ని కర్ర మొనకు బిగించి ఆయుధాలు చేసుకునేవారు.

చింతకుంట జింకను గీసినవాడు దాన్ని దూరం నుంచి చూసి గీసినవాడు కాదు. మెడ వంపు, కొమ్ము తీరు, కాళ్ల సన్నదనం అంత తేలిగ్గా చేతికి రావాలంటే చాలాసార్లు, చాలా దగ్గర నుంచి చూసి ఉండాలి.

ఇరవై, ముప్పై అడుగులు

తెలుగువాళ్లు దూరాన్ని ఒంటితోనే కొలిచారు. కేకేస్తే వినపడేంత అయితే కూతవేటు. రాయి విసిరితే పడేంత, బెత్తెడు, బారెడు. ఆ వరుసలో వింటివేటు దూరం ఒకటి వేసుకుంటే, కాలినడక వేటగాడికి అదే అసలు కొలత. నాటు విల్లుతో గురి తప్పకుండా కొట్టాలంటే ఇరవై, ముప్పై అడుగుల దూరంలోకి వెళ్లాలి. నేటి క్రీడాకారుల సంగతి వేరు. 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో 50 మీటర్ల దూరంలోని గురిని కొడుతుంది. ఆ గురి కదలదు, వినదు, వాసన చూడదు.

జింక ఈ మూడూ చేస్తుంది. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి వెనకాల కొంచెం తప్ప చుట్టూ అంతా కనిపిస్తుంది. ఎరుపు, నారింజ రంగులు సరిగ్గా తెలియవు గానీ చిన్న కదలికను ఇట్టే పసిగడుతుంది. చెవులు రెండూ విడివిడిగా తిరుగుతాయి. అన్నిటికన్నా ముక్కు పెద్ద శత్రువు. కళ్లను మోసం చేయొచ్చు, ముక్కును మోసం చేయలేం.

అందుకే వేటగాడి మొదటి పాఠం గాలి. గుప్పెడు దుమ్మో బూడిదో జారవిడిచి అది ఎటు పోతుందో చూస్తాడు. ఎదురుగాలిలోనే నడుస్తాడు. పొద్దెక్కి నేల వేడెక్కితే లోయలోని గాలి కొండ మీదికి పాకుతుందని, సాయంత్రం చల్లబడగానే అదే గాలి కిందికి జారుతుందని అతనికి తెలుసు. అందుకే పొద్దున పైనుంచి, మాపున కింది నుంచి మృగాన్ని సమీపిస్తాడు.

రెండో పాఠం అడుగు. ఎండాకాలం నల్లమలలో టేకాకు మీద కాలేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. మడమ ఆనించకుండా, పాదం అంచు మోపి, కింద పుల్ల ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే బరువు వేయాలి. జింక తల దించి మేస్తున్నంతసేపే కదలాలి. అది తల ఎత్తితే వేటగాడు చెట్టు మొద్దు. ఒక్కోసారి నూరు గజాలు నడవడానికి పూట గడిచిపోతుంది.

మూడో పాఠం అడవి మాటలు. దుప్పుల గుంపు ఉన్నచోట తరచుగా పైకొమ్మల మీద కొండముచ్చులు ఉంటాయి. అవి తిని పారేసిన ఆకూ కాయా దుప్పులకు మేత. బదులుగా కింద వాసన పట్టే ముక్కులు, పైన దూరం చూసే కళ్లు కలిసి రెండిటికీ కాపలా. కొండముచ్చు దగ్గినట్టు అరిచిందంటే ఎవరో వస్తున్నారని అర్థం. దుప్పి ముందుకాలు నేలకేసి కొడితే అనుమానం, తోక లేపి తెల్లటి అడుగుభాగం చూపిస్తే పరుగుకు సిద్ధం. కణుజు ఢాంక్ అని గట్టిగా అరిచిందంటే అక్కడ పులో చిరుతో ఉండొచ్చు. ఈ అరుపుల్లో తేడా తెలియనివాడు వేటకే కాదు, అడవిలో నడకకూ పనికిరాడు.

బాణం వేశాక

బాణం తూటాలాగా మృగాన్ని అక్కడికక్కడే కూల్చదు. లోపల కోసి, రక్తం కారేట్టు చేస్తుంది. అందుకే గుండె, ఊపిరితిత్తులు ఉండే ముందుకాలి వెనక భాగమే గురి. అది దక్కకపోతే వేయకుండా ఆగాలి. తగిలినా మృగం పరుగెత్తుతుంది. వెంటనే తరిమితే ఇంకా దూరం పోతుంది. కాసేపు కూర్చుని, తర్వాత నెత్తుటి చుక్కల వెంట నడవాలి. నురగతో లేతరంగులో ఉంటే ఊపిరితిత్తికి తగిలినట్టు. నల్లగా చిక్కగా ఉంటే వేరే చోట తగిలి, మృగం చాలాసేపు బాధపడుతున్నట్టు. దాన్ని వెతికి బాధ తీర్చడం వేటగాడి పూచీ.

ఆగాలన్న ఈ మాటనే మన పురాణాలు వేరే పద్ధతిలో చెప్పాయి. దశరథుడు కంటితో చూడకుండా శబ్దాన్ని బట్టి బాణం వేశాడు, మునికుమారుడు చచ్చిపోయాడు. పాండురాజు జత కూడిన లేళ్లను కొట్టాడు, శాపం తగిలింది. ఇద్దరూ రాజవంశం వాళ్లే, ఇద్దరికీ గురి ఉంది. లేనిది ఆగడం. ఇక క్రౌంచ పక్షుల జంటలో ఒకదాన్ని బోయ కూల్చినప్పుడు పుట్టిన శోకమే రామాయణానికి మొదలంటారు. విల్లు పట్టిన ప్రతి చేతినీ మన కథలు పక్కనే నిలబడి ప్రశ్నించాయి.

పలుగుకర్ర ముందు, విల్లు తర్వాత

1940లో ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ నల్లమల చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం వెలువరించాడు. చెంచుల చేతిలో వెదురు విల్లూ ఇనుప ములుకు బాణాలూ ఉన్నా, వాళ్ల కడుపు నింపింది ప్రధానంగా గడ్డలు తవ్వే కర్ర అని ఆయన గమనించాడు. అడవి గడ్డలు, పండ్లు, ఇప్పపూలు, తేనె రోజువారీ తిండి. మాంసం దొరికిన రోజు పండగ. చెంచు అనగానే విల్లు పట్టిన వీరుడిని బొమ్మ కట్టే మనకు ఈ నిజం కొంచెం కొత్త.

దాని వెనక లెక్క సులువు. ఎదురుగాలిలో పూటంతా పాకి, చివరి నిమిషంలో గాలి తిరిగితే చేతులు ఖాళీ. విల్లుతో వేటాడే మనిషి గెలిచిన రోజుల కన్నా ఓడిన రోజులే ఎక్కువ. అందుకే విల్లు అడవిని ఖాళీ చేయలేదు. తుపాకీ, జీపు, రాత్రిపూట హెడ్‌లైటు, ఉచ్చులు వచ్చాకే అడవి ఖాళీ అయింది.

పారువేట: దేవుడి చేతి విల్లు

వేటను వదులుకున్న సమాజం దాన్ని దేవుడికి అప్పగించింది. కనుమనాడు అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరుతాడు. చెంచు యువకులు పల్లకి మీదికి లాంఛనంగా బాణాలు వేస్తారు, అప్పుడు పల్లకి కదులుతుంది. నలభై రోజులకు పైగా స్వామి ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి తమ అల్లుడని చెంచుల నమ్మకం. తిరుమలలోనూ పారువేట మండపం ఉంది. శ్రీశైలం ప్రాకారం గోడ మీద వేట దృశ్యాలను శిల్పులు చెక్కారు.

వేటగాడినే భక్తుల్లో మొదటి వరుసలో కూర్చోబెట్టిన కథ కన్నప్పది. కన్నప్పగా మారిన తిన్నడిది రాజంపేట దగ్గరి ఊటుకూరని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పదహారో శతాబ్దంలో ధూర్జటి ఆ కథను కావ్యం చేశాడు. వేటాడిన మాంసమే నైవేద్యం పెట్టిన ఎఱుకు చివరికి తన కన్ను తీసి శివుడికి ఇచ్చి, రెండోదీ ఇవ్వబోయాడు. గురి చూసే మనిషికి కన్నే ఆస్తి. అతను ఇచ్చింది అదే.

చట్టం గీసిన గీత

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు తలుపు మూసింది. చంపడం ఒక్కటే కాదు, పట్టడం, ఉచ్చు పెట్టడం, తరమడం, అందుకు ప్రయత్నించడం కూడా వేటే. కృష్ణజింక మొదటి షెడ్యూలు జంతువు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. నల్లమలలో పెద్ద భాగం 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు చాలా సంప్రదాయ హక్కులు ఇచ్చింది. అయితే వేటాడే హక్కు, ఉచ్చులు పెట్టే హక్కు మాత్రం అందులో చేరవని స్పష్టంగా రాసింది.

ఈ గీత అవసరమే. పులికి తిండి దుప్పి. దుప్పి లేని అడవిలో పులి పల్లె వైపు చూస్తుంది. కాబట్టి విల్లు మళ్లీ ఎక్కుపెట్టాలని ఎవరూ అడగడం లేదు. అడగాల్సింది ఇంకొకటి: చట్టం వేటను ఆపింది, వేటగాడి జ్ఞానాన్ని ఎవరు తీసుకున్నారు?

కలివికోడి చెప్పిన సాక్ష్యం

కడప జిల్లాలోనే దీనికి జవాబు ఉంది. 1848లో జెర్డన్ అనే వైద్యుడు గుర్తించిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. శాస్త్రం దాన్ని అంతరించిన పక్షుల్లో రాసేసుకుంది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మలు పట్టుకుని ఊళ్లు తిరిగారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె ప్రాంతంలో పక్షుల్ని పట్టే ఒక స్థానికుడు రాత్రి దీపం వెలుగులో దాన్ని పట్టుకొచ్చి చూపించాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత పక్షి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పండితుల పుస్తకాల్లో అంతరించిన పక్షి వేటగాడి కళ్లలో ఉంది.

అలాంటిదే మరో ఖండపు కథ. 1911లో కాలిఫోర్నియాలో యాహి తెగలో మిగిలిన చివరి మనిషి అడవిలోంచి బయటికి వచ్చాడు. అతన్ని ఈషీ అని పిలిచారు. సాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విల్లు చేయడం, జింకను సమీపించడం నేర్చుకున్నాడు. 1916లో ఈషీ చనిపోయాడు. 1923లో పోప్ పుస్తకం రాశాడు. ఆ దేశంలో విల్లు వేటకు మళ్లీ ప్రాణం పోసింది ఆ పుస్తకమే. ఈషీ నోటి మాట కాగితం మీదికి చేరింది. మన పెంటల పెద్దల నోటి మాట ఎవరు రాస్తున్నారు?

పేర్లు తెలుసా?

అడవిలో కనిపించే ప్రతిదాన్నీ మనం జింక అనేస్తాం. ఒంటి నిండా చుక్కలున్నది దుప్పి. పెద్దగా, ముదురు గోధుమ రంగులో ఉండేది కణుజు. ఈ రెండిటి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. బయలు మైదానాల్లో మెలి తిరిగిన కొమ్ములతో ఉండేది కృష్ణజింక. దాని మగది ఇర్రి, ఆడది లేడి. దీని కొమ్ములు రాలవు. నాలుగు కొమ్ములుండేది కొండగొర్రె. పేరు తెలియని మృగాన్ని కాపాడటం కష్టం, పేర్లు అడవిలో పుట్టినవి కాబట్టి అక్కడి మనుషులనే అడగాలి.

గండి బొమ్మ

కడప లింగాలకు దగ్గర్లోని వేంపల్లె పక్కన పాపాఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయస్వామి గుడి ఉంది. లంక నుంచి తిరిగి వస్తూ రాముడు తన బాణం మొనతో బండ మీద హనుమంతుడి బొమ్మ గీశాడని, ఎడమచేతి చిటికెన వేలు మాత్రం విడదీయకుండా వదిలాడని స్థలపురాణం. మారీచుణ్ని కూల్చిన చేయి, వాలిని కొట్టిన చేయి ఇక్కడ బాణాన్ని కుంచెలా వాడింది. చింతకుంట బండ మీద ఎవరో వేటగాడు చేసిందీ అదే.

వేట విద్య అలా వేరే పనికి మళ్లడం ఇప్పుడూ జరుగుతోంది. నల్లమల బేస్ క్యాంపుల్లో ఇప్పుడు చెంచు యువకులు అటవీశాఖకు వాచర్లుగా పనిచేస్తున్నారు. పులి అడుగు, దుప్పి అరుపు, ఉచ్చు వేసిన చోటు వాళ్లకే ముందు కనిపిస్తాయి. బైర్లూటి, పచ్చర్ల జంగిల్ క్యాంపుల్లోనూ చెంచులే సందర్శకులకు అడవి చూపిస్తున్నారు. అంటే తాత దుప్పిని కొట్టడానికి నేర్చుకున్న విద్యతో మనవడు దుప్పిని కాస్తున్నాడు. కానీ ఆ మనవడు తాత దగ్గర నేర్చుకున్న చివరి తరం కావచ్చు. గాలి పాఠం, అడుగు పాఠం, అరుపుల పాఠం ఏ బడిలోనూ లేవు.

అటవీశాఖ, గిరిజన సంక్షేమ శాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి పెంటల పెద్దల మాటలను రాసి పెట్టాలి, వాళ్ల పేరు మీదే రాయాలి. మనం చేయగలిగింది కూడా ఒకటుంది. ఈసారి నల్లమలకు వెళ్తే జీపు నుంచి ఫొటో తీసి వచ్చేయకండి. అనుమతి ఉన్న దారిలో చెంచు గైడుతో కాసేపు నడవండి. గాలి ఎటు ఉందో అడగండి. కొండముచ్చు అరిస్తే ఆగండి. వింటివేటు దూరంలో దుప్పి తల ఎత్తి మిమ్మల్ని చూస్తే, ఊపిరి బిగపట్టి నిలబడండి. చేతిలో విల్లు అక్కర్లేదు.