లేఖ్యశృంఖలయు భూమిదస్త్రములును

వ్యవహారనిర్ణయమునకు లిఖితము, భుక్తి, సాక్షులు నను మూఁడు ప్రమాణములను యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. అందు లిఖితమునకు రెండపాయములు గలవు: నశించుట యొకటి, మార్పఁబడుట మఱియొకటి. నశించిన పత్రము సాక్ష్యము చెప్పఁజాలదు. మార్పఁబడిన పత్రము తప్పుసాక్ష్యము చెప్పును. ఈ రెండింటికిఁ బ్రతిక్రియగాఁ గంప్యూటరు శాస్త్రజ్ఞులు కల్పించిన విధానమునకు బ్లాక్‌చెయిన్ అని పేరు. పత్రముల కట్టలను వరుసగా గొలుసుకట్టి పెక్కుచోట్ల నిలుపునది గావున దీనిని లేఖ్యశృంఖల యనవచ్చును. ఇది భూమిదస్త్రములకు నెంతవఱకు రక్ష యగునో, యెచ్చట దాని శక్తి ముగియునో యిందు విచారింపఁబడుచున్నది.

2024 జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయమున మంటలు లేచి భూములకు సంబంధించిన దస్త్రములు పెక్కులు కాలిపోయెను. రిజిస్ట్రేషను చట్టపు 22-ఏ సెక్షను క్రింద విక్రయము నిషేధింపఁబడిన భూముల కాగితములును వానిలోఁ గలవు. ప్రభుత్వము కుట్రను శంకించి విచారణ జరిపించెను. 2022 ఏప్రిలులో జిల్లాల పునర్విభజనము జరుగు దాఁక పుంగనూరు, కుప్పము మండలములును మదనపల్లె రెవిన్యూ విభాగముననే యుండెను. కావున నొక యూరి కచ్చేరిలోని మంట దూరగ్రామముల రైతులకును గలవరము గలిగించెను. తహశీల్దారుల యొద్దను, కలెక్టరు కార్యాలయమునను గల ప్రతుల సాయమున దస్త్రములను మరలఁ గూర్పఁబూనుకొనిరి. ప్రతి యున్నచోట నాశ కలదు. లేనిచోట రైతునకు భుక్తియు సాక్షులుమాత్రమే దిక్కు.

ఈ సీమలో నిట్టి భయము క్రొత్తది కాదు. పుంగనూరు జమీందారీ గ్రామము. కుప్పము కంగుంది జమీనులోనిది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టమువలన నిట్టి జమీనులు రైత్వారీలోఁ జేరెను. 1984లో వంశపారంపర్య గ్రామాధికారము రద్దయ్యెను. లెక్క యొక చేతినుండి వేఱొక చేతికి మాఱిన ప్రతిసారియుఁ గొంత జాఱిపోవుట సహజము. కరణముల దండకవిలెలు చాలవఱకు నశించెను. కాని కర్నల్ కాలిన్ మెకంజీ సహాయకులు పందొమ్మిదవ శతాబ్దారంభమున వాని నాధారముగాఁ గొని సేకరించిన కైఫీయతులు నిలిచినవి. ప్రతి చేయఁబడినందుననే యవి దక్కినవి.

అయినను బ్రతులు పెరిగినకొలఁది పాఠభేదములును బెరుఁగును. వానిలో నేది ప్రమాణమను ప్రశ్నకు వైదికు లొక యుపాయము గనిరి. క్రమపాఠమున ఆద్యంతపదములు దక్కఁ బ్రతిపదము నొకసారి ముందుపదముతోను, నొకసారి తరువాతి పదముతోను గలిపి చదువఁబడును. నడుమ నొకపదము జాఱినను రెండుచోట్ల నతుకు చెడును. తామ్రశాసనములందును ఱేకులకు రంధ్రములు చేసి, కడియము దూర్చి, దాని కొనలను రాజముద్రతో నతికెడివారు. ఱేకు మార్పఁదలఁచినవాఁడు కడియమును గోయవలెను, కోఁత కనఁబడును.

లేఖ్యశృంఖల యీ రెండుపాయములను గణితముచే సాధించినది. ఎంతటి గ్రంథమునైనను నియతమైన గణితక్రియలకు లోఁబఱచి దానినుండి యొక పెద్ద సంఖ్యను రాఁబట్టుదురు. దీనిని హాష్ అందురు. ముద్ర యనినను జెల్లును. మిక్కిలి వాడుకలో నున్న షా-256 అను పద్ధతిలో నీ సంఖ్యను వ్రాయుటకు 64 చిహ్నములు పట్టును. ఒకే గ్రంథమున కెల్లప్పుడు నొకే ముద్ర వచ్చును. ఒక్క యక్షరము మాఱినను ముద్ర గుర్తింపరానంతగా మాఱును. ముద్రను జూచి గ్రంథమును రాఁబట్టుట గాని, యదే ముద్ర వచ్చునట్లు వేఱొక గ్రంథమును గల్పించుట గాని నేఁటి సాధనములకు సాధ్యము కాదు.

ప్రతి కట్టలోను దాని ముందుకట్ట ముద్ర వ్రాయఁబడును. పుంగనూరు రైతు పేర నున్న రెండెకరములను మూఁడెకరములుగా దిద్దినచో నా కట్ట ముద్ర మాఱి, తరువాతి కట్టలో నున్న ముద్రతోఁ బొసఁగకపోవును. పొసఁగింపవలెనన్న నటనుండి తుద దాఁక నన్నింటిని దిద్దవలెను. ఈ గొలుసే మదనపల్లెయందును, పుంగనూరునందును, కుప్పమునందును వేర్వేఱుగా నున్నదనుకొందము. ఒకచోటఁ గాలినను రెండు మిగులును. ఒకచోట దిద్దినను దక్కిన రెండును దాని నంగీకరింపవు. కాని మూఁడు ప్రతులు నొక్కని యాజ్ఞకే లోఁబడియున్నచో నా కాపుదల పేరునకుమాత్రమే.

పత్రములకు ముద్రలు వేసి కాలక్రమమున గొలుసుకట్టు పద్ధతిని హేబర్, స్టోర్నెట్టా యను శాస్త్రజ్ఞులు 1991లోఁ బ్రకటించిరి. 2008లో సతోషి నకమోటో యను మాఱుపేరుతో వెలువడిన వ్యాసము దానిని బిట్‌కాయిన్ నాణెపు లెక్కల కుపయోగించెను. 2009లో నా గొలుసు ప్రారంభమయ్యెను. ఎవరైనను జేరఁదగిన యా గొలుసునకు మోసము నరికట్టుటకై విద్యుచ్ఛక్తి విస్తారముగా వ్యయమగును. పేరెఱిఁగిన కార్యాలయములు మాత్రమే పాల్గొను రాజకీయదస్త్రముల కంత వ్యయ మక్కఱలేదు. 2017లో నాంధ్రప్రదేశ్ ప్రభుత్వము స్వీడను దేశపు క్రోమావే సంస్థ తోడ్పాటుతో భూమిదస్త్రములందు దీనిని బరీక్షింపఁబూనెను. 2024 సెప్టెంబరులో భారతప్రభుత్వ మారంభించిన విశ్వస్య యను వ్యవస్థ భువనేశ్వరము, పుణె, హైదరాబాదు నగరముల కేంద్రములందు నెలకొల్పఁబడినది.

ఇఁక దీని మితములు. సామాన్యముగా గొలుసులోఁ జేర్చునది పత్రపు ముద్రయే గాని పత్రము కాదు. ముద్ర పత్రమును బరీక్షించును. కాలిన పత్రమును మరలఁ బుట్టింపదు. మదనపల్లెలో ముద్రలుమాత్రమే యుండి ప్రతులు లేకున్నచో, బోయినదేమో తెలియును గాని దక్కునది యుండదు. కావునఁ బత్రముల ప్రతులును వేర్వేఱుచోట్ల నుండవలెను.

రెండవది యింతకంటె గురుతరము. శాసనపరిశోధకులు కూటశాసనములని త్రోసివేసిన తామ్రపత్రములు గొన్ని కడియముతోను ముద్రతోను జక్కఁగనే యున్నవి. కల్ల మొదటి వ్రాఁతయందే కలదు. గొలుసునకును నదియే గతి. మన దేశమున రిజిస్ట్రేషను దస్తావేజునకే గాని స్వామ్యమునకుఁ బూఁట గాదు. తప్పుపేరు గొలుసులోఁ జేరినచో నా తప్పును గొలుసు తుడువక కాపాడును. దిద్దుబాటు క్రొత్త కట్టగాఁ జేరవలసినదే, పాతది చెఱగదు. తీర్పువలన నెప్పుడేమి మాఱెనో తెలియుట దీనివలని మేలు. తీర్పు వచ్చుదాఁక రైతు తప్పుపేరుతోడనే యుండుట దీని కష్టము.

కావునఁ గట్టకు ముద్ర వేయుటకు ముందు భూమి కొలువఁబడవలెను. లెక్క గ్రామసభలోఁ జదువఁబడవలెను. రైతు చెప్పుకొను నాక్షేపణ వినఁబడవలెను. ఆ పని కరణము కాలమునను మనుష్యులదే, నేఁడును మనుష్యులదే.