బావి కొత్తిమీర: ఒక్క పేరు చాటున మూడు మొక్కలు

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలుమార్గాన్ని 1960ల దశకంలో బైలదిలా ఇనుప ఖనిజం కోసం నిర్మించారు. వానాకాలంలో ఈ రైలెక్కి అరకు వైపు సాగితే శృంగవరపుకోట దాటాక కొండదారి మొదలవుతుంది. ఈ తూర్పు కనుమల రాతి నెర్రెల్లో, ఊటల పక్కన, నల్లని సన్నని కాడలకు లేతాకులతో వేలాడే చిన్న ఫెర్న్ మొక్కలు పెరుగుతాయి. వీటి ప్రజాతి పేరు అడియాంటమ్.

ఈ మొక్క మనకు కొత్తది కాదు. యునానీ వైద్యంలో దగ్గు, జలుబులకు వాడే ‘పర్సియావషాన్’ ఇదే ప్రజాతికి చెందినది. ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో దీనిని ప్రస్తావించారు. బావి గోడల తేమలో పెరుగుతుంది కనుక అరబ్బులు దీనిని ‘కుజ్బరతుల్ బిఅర్’, అంటే బావి కొత్తిమీర అన్నారు.

అడియాంటమ్ అనే గ్రీకు మూలపదానికి తడవనిది అని అర్థం. నీటి బొట్టు దీని ఆకుపై నిలవక జారిపోతుంది. 1753లో లిన్నేయస్ ఈ ప్రజాతిని నమోదు చేశాడు. నేడు ఇది టెరిడేసీ కుటుంబంలో ఉంది. ప్రపంచంలో సుమారు రెండు వందల జాతులుండగా, అత్యధికం దక్షిణ అమెరికాలోనివే. ఫెర్న్‌లకు పూలు, విత్తనాలు ఉండవు, సిద్ధబీజాలతో వ్యాపిస్తాయి. ఈ ప్రజాతిలో ఆకు అంచు కిందికి మడతపడి, ఆ మడత మీదనే సిద్ధబీజాశయాలు ఏర్పడతాయి. దీనిని గుర్తించే ప్రధాన లక్షణం ఇదే.

అయితే చిక్కు పేర్లతోనే వస్తున్నది. బజారులో ‘హంసరాజ్’ అనే ఒకే పేరుతో వేర్వేరు జాతులు అమ్ముడవుతుంటాయి. అసలు పర్సియావషాన్ కాపిల్లస్-వెనెరిస్ అనే జాతి. దాని ఆకు రెండుమూడుసార్లు చీలి, చిన్న విసనకర్రల వంటి పత్రకాలతో ఉంటుంది. తేమగల సున్నపురాయి దానికి ఇష్టం. యూరప్, ఆఫ్రికా, ఆసియా, అమెరికా ఖండాలన్నిటా అది పెరుగుతుంది. రెండవది ఫిలిప్పెన్స్, ఆయుర్వేదంలోని హంసపాది. దాని పత్రకాలు నెలవంక ఆకారంలో, నూగు లేకుండా ఉంటాయి. మూడవది ఇన్‌సైసమ్. దాని పత్రకాలపై నూగు ఉంటుంది, అంచు చీలి ఉంటుంది. దీనికి ఆ పేరు పెట్టిన ఫోర్స్‌కోల్ 1763లో యెమెన్‌లో మరణించాడు. అతని గ్రంథం 1775లో వెలువడింది. ఆఫ్రికా, అరేబియాలతో పాటు మన దేశంలోనూ ఇది పెరుగుతుంది. దీనిని చాలాకాలం కాడేటమ్ అనే మరో జాతితో కలిపి లెక్కించారు. ఫిలిప్పెన్స్, ఇన్‌సైసమ్ ఆకుల కొసలు నేలను తాకితే అక్కడే వేరుపడి కొత్త మొక్క లేస్తుంది.

కనుక వర్గీకరణ పండితుల కాలక్షేపం కాదు. ఒక జాతికి చెప్పిన గుణం మరొక జాతికి ఉందని అనుకోరాదు. పేరొకటే అన్న భరోసాతో గోడమీది మొక్కను తెంచి పిల్లలకు కషాయం కాచి ఇవ్వవద్దు. అర్హుడైన హకీమును సంప్రదించాలి. కొండదారిలో ఈ మొక్క ఎదురైతే పెరకకుండా, ఆకు తిప్పి అంచు మడతను పిల్లలకు చూపిద్దాం. పోలికలోని తేడాను పసిగట్టడం వారికి అక్కడే అలవడుతుంది.