‘తేడా’ యను మాటను గూర్చి

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్ వరకు గల రాజమార్గమున ప్రాతఃకాలమందు నడచువారికి కోచింగు సెంటర్ల బోర్డులును, హాస్టళ్ల బోర్డులును, పుస్తకముల సంచులు మోయుచు పోవు పిల్లల గుంపులును అడుగడుగునను కనబడుచుండును. విద్యకొరకై నల్లగొండ మొదలగు జిల్లాలనుండి ఇచ్చటికి వచ్చు బాలురు అనేకులు. ఇంత చదువు జరుగుచున్న ఈ చోటనే, పిల్లలు తమలో నొకని నడకను జూచియో, కంఠస్వరమును వినియో “తేడాగాడు” అని పిలుచుటను మేము పలుమారు వింటిమి. తేడా యనునది లెక్కల మాట. ఎనిమిదిలోనుండి అయిదు తీసివేయగా వచ్చునది తేడా. ఒకనాడు మేము తరగతిలో రెండు సంఖ్యల తేడా యెంత యని యడుగగా వెనుక బల్లలవారు నవ్విరి. నవ్వినవారందరును ఒక్క బాలునివంకనే చూచిరి.

ఆ బాలుని విషయమున మేము చేసిన తప్పును ముందుగా ఒప్పుకొనవలసియున్నది. ఇది కొన్ని యేండ్ల క్రిందటి మాట. నవ్వినవారిని మేము మందలింపలేదు. ఆ బాలునే ప్రక్కకు బిలిచి, “కొంచెము మగపిల్లవానివలె నడువుము, ఎవరును నవ్వరు” అని హితవు చెప్పితిమి. అది దయ యనియే తలంచితిమి. వేసవి సెలవులైన పిమ్మట అతడు బడికి రాలేదు. తండ్రి వచ్చి టి.సి. తీసికొనిపోయెను. కారణము వ్రాయవలసిన చోట “నివాసము మార్పు” అని వ్రాసినది మా చేయియే. ఆ కుటుంబము నేటికిని ఆ యింటనే యున్నది. ఆ బాలుని స్వభావ మెట్టిదో మాకు తెలియదు. నవ్వినవారికిని తెలియదు.

కావున తెలియవలసినదానిని కొంత చెప్పుదుము. పురుషునికి పురుషునియందును, స్త్రీకి స్త్రీయందును అనురాగము కలుగు స్వభావము గలవారిని స్వలింగ ప్రేమికు లందురు. ట్రాన్స్‌జెండరు వ్యక్తులు వేరు. పుట్టినప్పుడు ఇతరులు నిర్ణయించిన లింగమునకును, తాము తమలో నెరిగినదానికిని పొత్తు కుదరనివారు వారు. వీధిలో మాత్రము ఈ యిరు తెగలవారికిని తిట్టు ఒక్కటే. నడకనుబట్టి గాని గొంతునుబట్టి గాని ఒకరి ప్రేమ యెవరియందో చెప్పుటకు వీలులేదు.

ఇది రోగమని పూర్వము వైద్యులే తలంచిరి. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1973లో దీనిని రోగముల పట్టికనుండి తీసివేసెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న ఆ పనియే చేసెను. మన దేశపు మానసిక వైద్యుల సంఘమును 2018లో ఇది రోగము కాదని ప్రకటించెను. అయినను, మాన్పింతుమని చెప్పువారియొద్దకు బిడ్డలను గొనిపోవు తలిదండ్రులు నేటికిని గలరు. అట్టి చికిత్స చేయుట వృత్తిదోషమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తెలియజేసినది.

చట్టము మాట యేమి? ఆంగ్లేయులు 1860లో చేసిన శిక్షాస్మృతియందలి 377వ సెక్షను అట్టివారిని నేరస్థులనుగా జూచెను. పరస్పర సమ్మతిగల వయోజనుల ప్రేమ నేరము కాదని సుప్రీం కోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పినది. అదే మాసము 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు నడువనారంభించెను. రైలెక్కుటను మన పేటవారు వారము దినములలో నేర్చుకొనిరి. తీర్పును నేర్చుకొనుట యింకను కాలేదు! మన హైదరాబాదులోనే నిజాము కాలమున, 1329 ఫసలీలో, ఒక చట్టము పుట్టినది. దానినిబట్టి హిజ్రాల పేర్లు పోలీసులు పట్టికలో వ్రాసికొనవచ్చును. స్త్రీవేషమున వీధిలో కనబడిన వారిని వారంటు లేకయే పట్టుకొనవచ్చును. నూరేండ్లకు పైగా అట్లే యున్న ఆ చట్టమును తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసినది.

కోర్టు కొట్టివేయగలిగినది చట్టమును మాత్రమే. మనస్సులోనిది పోవుటకు చదువు కావలెను. దీనికి మదరాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ గారి నడవడి మాకు మిక్కిలి నచ్చినది. ఒకరినొకరు ప్రేమించుకొన్న యిరువురు యువతులు, తలిదండ్రులకు వెరచి మధురనుండి చెన్నైకి వచ్చి, రక్షణ కోరిరి. 2021లో ఆ వ్యాజ్యము విన్న న్యాయమూర్తి తనకు ఈ విషయము సరిగా తెలియదని దాపరికము లేక ఒప్పుకొని, ఒక మనస్తత్త్వ నిపుణురాలి యెదుట విద్యార్థియై కూర్చుండి, నేర్చికొనిన పిమ్మటనే తీర్పు వ్రాసెను. అంతటి పదవిలోనున్నవాడు “నాకు తెలియదు” అనగలిగెను. ఉపాధ్యాయులమైన మాకు ఆ మాట యేల నోటికి రాకపోయెనో! తలిదండ్రుల, ఉపాధ్యాయుల సంఘములద్వారా తలిదండ్రులకును ఈ విషయము తెలుపవలెనని ఆ యుత్తరువులో గలదు.

తలిదండ్రులు మమ్ము అడుగునది ఒక్కటే: “ఇట్టివి చెప్పినచో పిల్లలు నేర్చుకొందురేమో?” స్వభావము నేర్పిన వచ్చునది కాదు. తిట్టు మాత్రము నేర్పిననే వచ్చును. అది సినిమాలలోను, బస్సులోను, ఒక్కొక్కప్పుడు మన భోజనపు గదిలోను నేర్పబడుచున్నది. సంఘములయందు ఈ విషయమున భిన్నాభిప్రాయములు గలవని మేమెరుగుదుము. వాటిని పెద్దలు చర్చించుకొందురు గాక. ఒక పిల్లవానిని బడినుండి తరుముటకు మాత్రము ఏ వాక్యమును ఆధారము కానేరదు.

ఈ యేడు మేము ఒక చిన్న పని మొదలిడితిమి. ఆ మాటను వాడిన బాలుని నిలువబెట్టి కొట్టుట లేదు. దాని యర్థము చెప్పుమని అడుగుచున్నాము. చాలమంది చెప్పలేకపోయిరి. ఒకడు మాత్రము తరగతి ముగిసిన పిమ్మట వచ్చి, “సార్, అట్లాంటివారు మా తరగతిలో కూడ ఉంటారా?” అని మెల్లగా అడిగెను. ఉండవచ్చును, అది నీకు గాని మాకు గాని తెలియదని చెప్పితిమి. అతడు కొంతసేపు నిలుచుండి, సంచి భుజమున వేసికొని, బస్సుకై పరుగెత్తెను.