మస్టరు రోలులో పేరు

జంషెడ్‌పూర్‌కు భారత శ్రామిక చరిత్రలో విశిష్ట స్థానమున్నది. ఇక్కడి ఉక్కు కర్మాగారం ఎనిమిది గంటల పనిదినాన్ని 1912లోనే ప్రవేశపెట్టింది. దేశంలోని కర్మాగారాలన్నింటికీ ఆ నియమం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంతో గాని స్థిరపడలేదు. భవిష్యనిధి ఇక్కడ 1920లో ఆరంభమయింది. దేశవ్యాప్త చట్టం వచ్చినది 1952లో. చట్టం కంటే ముప్పది ఏళ్లు ముందు నడచిన ఊరు ఇది.

అయితే ఆ ఖ్యాతి కర్మాగారపు ద్వారం లోపల స్థిరోద్యోగం ఉన్నవారికి సంబంధించినది. ద్వారం వెలుపల, బిష్టుపూర్ వంటి పేటలలో పునాదులు తవ్వి, గోడలు లేపి, కప్పులు పోసిన కూలీల కథ వేరు. వారు ఎవరి మనుషులు? కట్టడపు సొంతదారును అడిగితే కంట్రాక్టరును చూపుతాడు. కంట్రాక్టరు మేస్త్రీని చూపుతాడు. మేస్త్రీ చేతిలో ఉన్నది ఒక చిన్న నోటు పుస్తకం మాత్రమే. ఈ ప్రశ్నకు జవాబు వెదకడమే కంట్రాక్టు కార్మిక చట్టాల సారాంశం.

బిష్టుపూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. ఉత్తరాంధ్ర నుంచి రైలుమార్గం వెంట పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో అనేకం. ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఈ పేటలోనే ఉన్నది. ఆ మార్గాన నడచిన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసినవారిలో ప్రముఖుడు బరంపురానికి చెందిన వి.వి.గిరి. ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే, 1970 సెప్టెంబరు 5న, కంట్రాక్టు కార్మికుల చట్టానికి ఆమోదముద్ర పడింది.

ఆ చట్టం ఒక్కనాటి ఆలోచన కాదు. కంట్రాక్టు కూలీ పద్ధతి తగదని విట్లీ కమిషను 1931లోనే చెప్పింది. జంషెడ్‌పూర్ అప్పట్లో బీహారులో ఉండేది. ఆ రాష్ట్రంలో బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన 1938లో ఏర్పడిన కార్మిక విచారణ సంఘమూ ఈ పద్ధతిని విమర్శించింది. అయినా చట్టం రూపొందడానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది.

1970 చట్టం ప్రకారం ఇరవైమంది లేక అంతకు మించి కూలీలను పెట్టే కంట్రాక్టరు లైసెన్సు పొందాలి. తలకు ఇంత అని ధరావతు కట్టాలి. మస్టరు రోలు, జీతాల రిజిస్టరు ఉంచాలి. తాగునీరు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స ఏర్పరచాలి. అన్నిటికంటే ముఖ్యమైన నియమం మరొకటి. పని చేయించుకునే ప్రధాన యజమాని ప్రతినిధి ఎదుటనే కూలి బట్వాడా జరగాలి. కంట్రాక్టరు ఎగవేస్తే ప్రధాన యజమానియే చెల్లించి, తరువాత అతని నుంచి రాబట్టుకోవాలి. చేతులు మారిన బాధ్యతను చట్టం ఈ విధంగా మొదటిచోటికే తిప్పి పంపింది.

శాసనం చేసినంత మాత్రాన కూలి చేతికి అందదని 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాలు నిరూపించాయి. రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనంలో జమాదారులు ఒక రూపాయి కమిషను తీసుకొని, 8 రూపాయల 25 పైసలే ఇస్తున్నారని సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం నిషేధించిన వెట్టిచాకిరియే అని జస్టిస్ పి.ఎన్.భగవతి తీర్పు చెప్పారు. ఒక్క రూపాయి కోత రాజ్యాంగ ప్రశ్న అయింది.

కంట్రాక్టరు పక్షమూ ఆలోచించదగినదే. టెండరు తక్కువ ధరకు పాడినవానికే దక్కుతుంది. సిమెంటు, ఇనుము ధరలు అతని చేతిలో ఉండవు. తగ్గించగలిగినది కూలి ఒక్కటే. బిల్లు ఆలస్యమైనా కూలీలకు వారం వారం ఇవ్వవలసిందే. భవిష్యనిధి, బీమా, సెస్సు లెక్కగట్టి ధర వేసిన నిజాయితీపరుడు, వాటిని ఎగవేయదలచినవాని ముందు ఓడిపోతాడు. తనిఖీ అందరికీ సమానంగా ఉన్నప్పుడే చట్టం మంచి కంట్రాక్టరుకు అండ అవుతుంది. కొందరినే తాకితే అతనికి శిక్ష అవుతుంది. శ్రమ ఉమ్మడి జాబితాలోని విషయం. శాసనం పార్లమెంటు చేసినా, కనీస వేతనపు రేట్లు, తనిఖీ ఎక్కువగా రాష్ట్రం బాధ్యతలే. జంషెడ్‌పూర్ విషయంలో 2000 వరకు అది బీహారు పని, ఆపైన జార్ఖండ్ పని.

1996లో నిర్మాణ కార్మికులకు ప్రత్యేక చట్టం వచ్చింది. నిర్మాణ వ్యయంపై నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసి, రాష్ట్ర సంక్షేమ మండలి ద్వారా ప్రమాద సహాయం, పింఛను, ప్రసూతి సహాయం ఇవ్వాలని ఏర్పాటు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపువారై, గత ఏడాదిలో 90 రోజులు పనిచేసినవారు పేరు నమోదు చేసుకోవచ్చును. చిక్కంతా ఆ 90 రోజుల రుజువులోనే ఉన్నది. ఈ నెల బిష్టుపూర్‌లోను, వచ్చే నెల వేరొక ఊరిలోను తట్ట మోసే స్త్రీకి ఆ కాగితం ఎవరివ్వాలి? దేశమంతటా 37,400 కోట్ల రూపాయలకు పైగా సెస్సు వసూలు కాగా, సుమారు 9,500 కోట్లే ఖర్చయినట్లు 2018 మార్చిలో సుప్రీంకోర్టు గుర్తించి ఆక్షేపించింది. డబ్బు ఉన్నది, పుచ్చుకోవలసినవారి పేరు పుస్తకంలో లేదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి ఈ పాత చట్టాల స్థానాన్ని ఆక్రమించాయి. కనీస వేతనం అన్ని పనులకూ వర్తిస్తుంది; కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలన్నది కొత్త నియమం. మరొకవైపు, కంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించే సంఖ్య ఇరవై నుంచి యాభైకి పెరిగింది. సొంత నివాసానికి కట్టుకునే ఇంటి విషయంలో నిర్మాణ కార్మిక నిబంధనల మినహాయింపు పది లక్షల రూపాయల వ్యయం నుంచి యాభై లక్షలకు పెరిగింది. చిన్న కంట్రాక్టరుకు ఇది ఊరట. నలభైమందిలో ఒకడైన కూలీకి మాత్రం లైసెన్సు, బట్వాడా సాక్షి అనే రెండు రక్షణలూ దూరమైనట్లే.

సంఖ్య ఎక్కడ గీసినా, గీతకు ఇవతల కొందరు మిగులుతారు. వారికి ఇక మిగిలే ఆధారం నియామక పత్రం ఒక్కటే. అది నిజంగా చేతికి వస్తే కూలి బకాయికి అదే రుజువు, 90 రోజుల లెక్కకూ అదే రుజువు. రాకపోతే, పరంజా మీదనుంచి జారిపడిన మనిషి ఆ రోజు అక్కడ పనిలో ఉన్నాడని చెప్పేది మేస్త్రీ నోటు పుస్తకమే. అందులోని పేజీని చింపివేయడానికి ఒక్క క్షణం చాలును.