క్యాబినే కాపురం

సెలవులకు ఇల్లులాంటి బండిలో ఊళ్లు తిరిగేవాళ్ల కోసం 2021లో కేరళ ప్రత్యేకంగా కారవాన్ పర్యాటక విధానమే తెచ్చింది. ఆ బండ్లు ఆగేందుకు పార్కులు, కరెంటు, నీళ్లు ఉండాలని అందులో రాసుకుంది. మంచిదే. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వంటా పడకా బండిలోనే పెట్టుకుని ఉత్తరాదికి పోయేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. వాళ్లను మనం యాత్రికులు అనం. లారీ డ్రైవర్లు అంటాం.

ఈ ప్రాంతానికి లారీ అన్నం పెట్టింది. 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలాక వరి పెరిగింది, మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మట్టంపల్లి వైపు సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ధాన్యం, సిమెంటు, రోడ్డు మూడూ ఒక్కచోట కలిస్తే స్టీరింగు పట్టుకునే చేతులకు కొదవేముంది?

నార్కట్‌పల్లి దగ్గర పెద్ద రోడ్డెక్కి, హైదరాబాద్ ఔటర్ చుట్టి, మేడ్చల్ వైపు తిరిగితే 44వ నంబరు రహదారి. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా 3,700 కిలోమీటర్లకు పైగా సాగే దారి అది. నిర్మల్, ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే తెలుగు బోర్డులు అయిపోతాయి. నాగపూర్ తర్వాత పెంచ్ అడవి. అక్కడ పులులూ జింకలూ దాటేందుకు రోడ్డునే పైకెత్తి కట్టారు, లారీలు పైన, జంతువులు కింద. ఆపైన సాగర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ. ఫోన్లో ఇంటావిడ "యాడిదాక పోయినవ్?" అంటే ఊరి పేరు చెప్పడమే తప్ప, ఎప్పుడొస్తానన్నది చెప్పలేని దూరం.

నాగపూర్ దాటితే డాబాల్లో రొట్టెలదే రాజ్యం. మన మనిషికి రెండు పూటలు గడిచేసరికి అన్నం మీదికి మనసు పోతుంది. అందుకే బండి పక్కనున్న పెట్టెలో బియ్యం, చింతపండు, కారం, ఆవకాయ, చిన్న సిలిండరు. టైర్ల నీడలో కూర్చుని క్లీనర్ ఉల్లిగడ్డలు కోస్తాడు. డ్రైవరు కుక్కర్ ఎక్కిస్తాడు. సీటు వెనక అడ్డంగా వేసిన బల్లే పడకగది. నేషనల్ పర్మిట్ బండికి ఆ పడక ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉండేది. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు కాళ్లు చాపుకునేందుకు అని దాని ఉద్దేశం. రెండో డ్రైవరు తప్పనిసరి అన్న షరతును 2018లో ఎత్తేశారు. ఇప్పుడు చాలా బండ్లలో ఒక్కడే ఉంటాడు. పడక ఉంది, పడుకునే వేళే లేదు. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం, 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా, రోజుకు 8 గంటల పని అని చెప్పేది. అదీ ఐదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒక్క లారీ కొనుక్కుని కిస్తీలు కట్టుకునే మనిషికి ఏ చట్టం గంటలు లెక్క పెడుతుంది?

అసలు పరీక్ష జమ్మూ దాటాక. ఉధంపూర్, రాంబన్, బనిహాల్ మీదుగా ఒకవైపు కొండ, మరోవైపు లోయ. 2017లో తొమ్మిది కిలోమీటర్లకు పైగా ఉన్న చెనాని–నశ్రీ సొరంగం, 2021లో బనిహాల్–ఖాజీగుండ్ సొరంగం వచ్చి మంచు బాధ కొంత తగ్గించాయి. కొండచరియల బాధ మాత్రం పోలేదు. 2025 ఆగస్టు చివరి వానలకు ఈ దారి తెగిపోతే, యాపిల్ లోడుతో దిగుతున్న లారీలు రోజుల తరబడి నిలిచిపోయి పండ్లు కుళ్లాయి. అలాంటప్పుడు క్యాబిన్ నిజంగానే ఇల్లవుతుంది. చలికి తలుపులు బిగించి లోపల స్టౌ వెలిగిస్తే మాత్రం ప్రాణానికే ముప్పు. విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. అద్దం కొంచెం దించినా సరిపోదు, క్యాబిన్ లోపల మంట పెట్టనే కూడదు. ఈ మాట ప్రతి లారీ అడ్డాలో గోడ మీద రాయించాలి.

కొన్ని మంచి మార్పులూ వచ్చాయి. ఇప్పుడు కొత్తగా తయారయ్యే భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. చమురు కంపెనీలు 'అప్నా ఘర్' పేరుతో కొన్ని బంకుల్లో పడకలు, స్నానపు గదులు, సొంతంగా వండుకునే చోటు ఏర్పాటు చేశాయి. ఇలాంటివి దారి పొడవునా కావాలి.

మన ఊళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మనవాళ్లు అటు పోయినట్టే పంజాబ్, రాజస్థాన్ డ్రైవర్లు ఇటు వస్తారు. అర్ధరాత్రి కళ్లు మూతపడితే సూర్యాపేట, కోదాడల మధ్య రోడ్డు అంచునే ఆపుకుంటారు. రోడ్డు మీద ఆగిన లారీ ఎంత ప్రమాదమో మనకు తెలియనిది కాదు. 2024 ఏప్రిల్‌లో కోదాడ దగ్గర దుర్గాపురం వద్ద చెడిపోయి ఆగిన లారీని కారు ఢీకొని ఒకే కుటుంబానికి చెందినవాళ్లు బలయ్యారు. ఈ రహదారిని ఆరు వరుసలుగా వెడల్పు చేయాలన్న ప్రతిపాదన ఉంది. ఆ ప్లాను గీసేటప్పుడే రెండు ఊళ్ల దగ్గరా లారీలు పూర్తిగా రోడ్డు దిగి ఆగే స్థలం పెట్టాలి. దాంట్లో దీపాలు, రాత్రి కాపలా, మరుగుదొడ్లు, స్నానానికి నీళ్లు, వండుకోవడానికి ఒక షెడ్డు ఉండాలి. మిర్యాలగూడ బైపాస్‌లోనూ అలాంటిదొకటి కావాలి. భూసేకరణ అయిపోయాక అడిగితే జాగా లేదంటారు, అడగాల్సింది ఇప్పుడే.