4.3 బర్మా తెలుగువారు: కూలీ నుంచి కాందిశీకుడి వరకు

రాజకీయ కారణాల వల్ల ఓడలెక్కి దేశం విడిచినవారి చరిత్ర తెలుగువారికీ ఉంది. ఒకే సముద్ర మార్గంలో ప్రయాణించిన వీరి హోదా, ప్రభుత్వాలు మారినకొద్దీ ఎలా మారిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

వలస: 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఉయ్యూరు వంటి కృష్ణా డెల్టా ప్రాంతాలకు కాలువ నీరు అందింది. బర్మాకు వలస వెళ్ళినవారిలో ఎక్కువమంది గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు. వీరు రంగూన్ రేవులోను, ధాన్యం మిల్లుల్లోను పనిచేశారు. గోదావరి తీరంలోని కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వీరిని 'కోరంగీలు' అని పిలిచేవారు. అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కనుక ఇది విదేశీయానం కాదు.

పరాయితనం: 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా, యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. సమ్మె ముగిశాక వారిని తొలగించడంతో అల్లర్లు చెలరేగాయి. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయింది. ఊరు మారకుండానే కూలీ పరాయి దేశంలో ఉన్నవాడయ్యాడు.

రెండు నిష్క్రమణలు: 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. ఓడలో చోటు దొరికినవారు మద్రాసు, విశాఖపట్నం, కలకత్తా రేవులకు చేరారు. దొరకనివారు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో నడిచారు. వేలమంది దారిలోనే మరణించారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం ఏర్పడింది. 1964లో దుకాణాలను జాతీయం చేసి, పెద్ద నోట్లను రద్దు చేసింది. వెళ్ళిపోయేవారు నగదు, నగలు తీసుకుపోవడంపై కఠినమైన ఆంక్షలు విధించింది. ఆ దశకంలో దాదాపు 3 లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. విశాఖలోని 'బర్మా క్యాంపు' పేరు నేటికీ వారిని గుర్తుచేస్తుంది.

సారాంశం: 1960లలో వచ్చినవారిని ప్రభుత్వం 'స్వదేశానికి తిరిగివచ్చినవారు' అంది. కాని వీరిలో చాలామంది బర్మాలోనే పుట్టారు. వారికి అది తిరిగిరావడం కాదు, పుట్టిన నేలను పోగొట్టుకోవడం. వలసజీవిని ప్రవాసిగానో, కాందిశీకుడిగానో మార్చేది ప్రయాణం ఒక్కటే కాదు. రాజ్యం గీసే సరిహద్దు కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. 1937 నాటి మార్పు బర్మా తెలుగువారి హోదాను ఎలా ప్రభావితం చేసింది?
2. 1942, 1964 నిష్క్రమణల కారణాలను పోల్చండి.