సైకిల్ కొనడం తేలికే... పెట్టె కుదరడమే కష్టం!

గల్ఫ్ నుంచి ఇంటికి పోయేటప్పుడు మనోళ్లు ఏం తీసుకుపోతారో చెప్పాల్సిన పని లేదు. బ్లాంకెట్లు, పాలపొడి, సబ్బులు, సెంటు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు. నేనూ పదేళ్లకు పైగా అవే మోశాను. 2022లో మాత్రం మా అమ్మాయి అడిగిన వస్తువు వేరే. "బాపూ, నాకు రేస్ సైకిల్ గావాలె" అంది ఫోన్లో.

అప్పుడు తను తొమ్మిదో తరగతి. స్కూల్లో పీఈటీ సారు పిల్లలతో సైకిల్ పందేలు పెట్టిస్తే మామూలు లేడీస్ సైకిల్ మీదే మగపిల్లలను దాటింది. జనవరిలో జిల్లా ఎంపిక పోటీలు ఉన్నాయని, గేర్ల సైకిల్ లేకపోతే అక్కడ నిలవలేదని సారు చెప్పాడు. హైదరాబాద్‌లో ధర అడిగితే నా రెండు నెలల జీతం.

దుబాయ్‌లో అల్ ఖుద్రా ఎడారి ట్రాక్ మీద తెల్లవారుజామునే సైకిళ్లు తొక్కే తెల్లవాళ్లను చాలామంది చూసే ఉంటారు. వాళ్లు దేశం వదిలి పోయేటప్పుడు మంచి మంచి సైకిళ్లను అగ్గువకు అమ్మేస్తారు. నాకూ అలాగే ఒకటి 650 దిర్హాములకు దొరికింది. అల్యూమినియం ఫ్రేమ్, పది కిలోల బరువు. పాత ఫ్రిజ్ అట్టపెట్టెను కోసి, సైకిల్‌ను అందులో పెట్టి, మనకు అలవాటైన పద్ధతిలో నిలువుగా, అడ్డంగా తాడు బిగించాను. కౌంటర్ దగ్గర ఎట్లాగో బతిమాలి ఎక్కించాను.

శంషాబాద్‌లో పెట్టె ఒక మూల నలిగి ఉంది. జగిత్యాల బస్సు తప్పిపోతుందన్న తొందరలో విప్పి చూడకుండానే బయటపడ్డాను. ఇంటి ముందు వాకిట్లో విప్పితే ముందు ఫోర్కు కాళ్లు లోపలికి వంగి ఉన్నాయి. వెనక గేరు మార్చే డెరైల్లర్ చక్రంలోకి దూరింది. ఫ్రేమ్ గొట్టం సొట్ట పడి, సన్నగా చీలింది. ఊళ్లో వెల్డింగ్ చేసే మేస్త్రీ వేలితో తట్టి చూసి "ఇది ఇనుము గాదే అన్నా, నేను అతికిస్తే మొత్తం కరుగుతది" అన్నాడు. అమ్మాయి ఒక్క మాట అనలేదు. "పోనీ తియ్ బాపూ, వచ్చే యేడు పోత" అంది. ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది.

తిరిగి వచ్చాక కూర్చుని ఆలోచించాను. సైట్‌లో షట్టరింగ్ నిలబెట్టేటప్పుడు బరువు ఎటు నుంచి వస్తుందో చూసి ప్రాప్ పెట్టేవాణ్ణి, నా పెట్టె విషయంలో ఆ బుద్ధి ఏమైంది? విమానం కింది అరలో పెట్టెను పడుకోబెట్టి, పైన మరో పది సూట్‌కేసులు వేస్తారు. సైకిల్ పెట్టెకు అసలు దెబ్బ పక్క నుంచే. పెద్ద పలక, మధ్యలో ఆధారం లేదు. నలగక ఏమవుతుంది?

పెట్టెలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది సైకిల్ షాపు అట్టపెట్టె. కొత్త సైకిళ్లు దిగినప్పుడు ఊరికే పడేస్తారు, అడిగితే ఇస్తారు. నాలుగైదు కిలోల లోపే ఉంటుంది. తడిస్తే మాత్రం నమ్మకం లేదు. రెండోది మెత్తటి సంచి, చుట్టూ స్పాంజి కుట్టి ఉంటుంది. మడిచి దాచుకోవచ్చు గానీ పక్క బరువును సొంతంగా ఆపలేదు. లోపల గట్టి ఫ్రేమ్ ఉన్నదైతే మేలు. మూడోది గట్టి ప్లాస్టిక్ కేసు. అన్నింటికంటే భద్రం. మంచి కేసుల్లో రెండు పలకల మధ్య నలగకుండా ఒక స్తంభం కూడా ఉంటుంది. కొనేవాళ్లు ముందు అది ఉందో లేదో చూడాలి. తర్వాత చక్రాలు, పిడి, తాళాలు చూడాలి. అయితే ఖాళీ కేసే పది పదమూడు కిలోలు తూగుతుంది. ధర నా సైకిల్‌కు రెండింతలు. ఏటా పోటీలకు తిరిగేవాళ్లకు అది సరైనదే. ఒక్కసారికైతే అద్దెకు ఇచ్చే షాపు ఏదైనా ఉందేమో అడగండి.

నేనే ప్లైవుడ్‌తో చేద్దామనుకున్నాను. లెక్క వేస్తే నవ్వొచ్చింది. 125 సెంటీమీటర్ల పొడవు, 80 ఎత్తు, 28 వెడల్పు పెట్టెకు మూడు చదరపు మీటర్లకు పైగా షీటు కావాలి. 12 ఎంఎం ప్లై అయితే ఖాళీ పెట్టే 23 కిలోలు! నా టికెట్‌కు ఉన్నది 30 కిలోలు. ఇక సైకిల్‌ను నెత్తిన పెట్టుకుని పోవాల్సిందే.

చివరికి దారి సైట్‌లోనే దొరికింది. టైల్స్ వేశాక గీతలు పడకుండా పరిచే ప్లాస్టిక్ షీట్లు మనందరికీ తెలిసినవే. లోపల గాళ్లు గాళ్లుగా ఉంటాయి, బరువు తక్కువ, నీళ్లకు చెడవు. ఇంజినీరు గారిని అడిగి, మిగిలిన ముక్కలు తెచ్చుకుని షాపు అట్టపెట్టె లోపల చుట్టూ అతికించాను. అంగుళం పీవీసీ గొట్టాన్ని పెట్టె లోపలి వెడల్పుకు సరిగ్గా కోసి, నాలుగు చోట్ల అడ్డంగా నిలబెట్టాను. గొట్టం మొన అట్టను చీల్చకుండా రెండు చివర్లా బిళ్లలు అతికించాను, ప్రాప్ కింద ప్లేట్ పెట్టినట్టే. ఫ్రేమ్ గొట్టాలకు ఏసీ పైపులకు తొడిగే నల్ల స్పాంజి తొడిగాను. పెట్టె, సైకిల్, స్పాంజి అన్నీ కలిపి 19 కిలోలు. ఇంటి సామానుకు 11 కిలోలు మిగిలాయి.

సైకిల్ విప్పడంలోనూ కొన్ని మెలకువలు ఉన్నాయి. ముందు ఫోన్లో ఫొటోలు తీసుకోండి. సీటు ఎత్తు దగ్గర టేపుతో గుర్తు పెట్టండి. ఎడమ పెడల్‌కు మర ఉల్టా ఉంటుంది. కుడి చేతి వైపు తిప్పితేనే ఊడుతుంది, బలవంతం చేస్తే మర పోతుంది. డెరైల్లర్ విప్పి, గుడ్డ చుట్టి, ఫ్రేమ్ లోపలి వైపు కట్టేయండి. చక్రాలు తీశాక ఫోర్కు కాళ్ల మధ్య, వెనక కూడా, ప్లాస్టిక్ అడ్డు ముక్క తప్పకుండా పెట్టాలి. నా మొదటి సైకిల్ వంగింది అది లేకనే. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మధ్య మడిచిన అట్ట ముక్క పెట్టండి. టైర్లలో గాలి కొంత తగ్గిస్తే చాలు, పూర్తిగా తీస్తే రిమ్ముకు రక్షణ ఉండదు. బ్యాటరీ సైకిళ్ల జోలికి పోవద్దు. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు. ఆ సైకిళ్ల బ్యాటరీలు చాలా వరకు అంతకన్నా పెద్దవే.

టికెట్ కొనేముందే విమాన సంస్థకు ఫోన్ చేసి పెట్టె మూడు కొలతలూ చెప్పండి. మామూలు బ్యాగుకు చాలా సంస్థలు మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లే లెక్క పెడతాయి. మన పెట్టె 233. ఆటసామాను కింద కొందరు బరువులోనే కలుపుతారు, కొందరు వేరే రుసుము తీసుకుంటారు. ఒప్పుకున్న మాట మెయిల్‌లో తెప్పించుకోండి. ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదు. తాళ్లు కట్టిన మూటలు వద్దు. ఆకారం లేని సామాను తీసుకోమని, ఒక వైపైనా చదునుగా ఉండాలని దుబాయ్ విమానాశ్రయం 2017 మార్చిలోనే చెప్పింది. పెద్ద సామాను కౌంటర్ వేరుగా ఉంటుంది, గంట ముందే చేరండి. సైకిల్ కొన్న రసీదు జేబులో పెట్టుకోండి, కస్టమ్స్ వాళ్లు అడిగితే చూపించాలి.

ఒక్క మాట మరిచిపోకండి. దిగాక పెట్టె తీసుకున్న హాల్లోనే విప్పి చూడండి. దెబ్బ తగిలితే బయటికి రాకముందే విమాన సంస్థ కౌంటర్‌లో రాయించి, కాగితం తీసుకోండి. అప్పుడు కుదరకపోయినా సామాను అందిన 7 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలని అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. నేను బస్సు కోసం పరుగెత్తి ఆ హక్కు పోగొట్టుకున్నాను.

2023 డిసెంబర్‌లో రెండో సైకిల్‌తో దిగాను. ఈసారి హాల్లోనే నేల మీద కూర్చుని పెట్టె తెరిచాను. గీత కూడా పడలేదు. ఇంటి దగ్గర గంటన్నరలో బిగించాం. బోల్టులు అమ్మాయే అందించింది. జనవరి పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. ముగ్గురినే ఎంపిక చేశారు. "ఫోన్ పెట్టు బాపూ, ప్రాక్టీసుకు పోవాలె" అంది ఆ సాయంత్రమే.

గొట్టాలు తీసేసి, మడిచి ఆ పెట్టెను మళ్లీ తెచ్చుకున్నాను. ఇప్పుడు క్యాంపులో నా మంచం కింద ఉంది. ఇప్పటికే పక్క గది కడప తమ్ముడు ఒకసారి వాడాడు. మీలో ఎవరైనా పిల్లలకు సైకిల్ తీసుకుపోవాలనుకుంటే, బేరం ఆడే ముందు పెట్టె సంగతి చూసుకోండి.